ఈ రాత్రికి రొప్పం ఎక్కడ?

సాయంత్రం నాలుగవుతోంది. ముచ్చుకోట కొండల అంచున ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. ముందు నడుస్తున్న పొట్టేలు మెడలో గంట ఆగకుండా మోగుతోంది. దాని వెనక మూడొందల జీవాలు. వాటి వెనక ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు, ఓ గాడిద. గాడిద మీద వలలు, గుంజలు, సంగటి కుండ, ఓ గంపలో నిన్నగాక మొన్న పుట్టిన గొర్రెపిల్లలు. ఇద్దరిలో పెద్దాయన ఉన్నట్టుండి ఆగుతాడు. వంగి గుప్పెడు మట్టి తీసి నలుపుతాడు. వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ గాలి ఎటు పోతోందో చూస్తాడు. తల అడ్డంగా ఊపి మళ్లీ నడక సాగిస్తాడు.

ఆయన వెతుకుతున్నది గుడి కాదు, బావి కాదు. ఈ రాత్రికి చోటు!

అనంతపురం పల్లెల్లో గొర్రెలను రాత్రిపూట ఆపే చోటును రొప్పం అంటారు. ఊళ్లో అయితే ముళ్లకంపతో కట్టిన రొప్పం ఏడాది పొడవునా ఒకచోటే ఉంటుంది. మంద ఊరు దాటితే మాత్రం ప్రతి రాత్రీ కొత్త రొప్పమే. అద్దె లేదు, తలుపు లేదు, పైకప్పు లేదు. కానీ ఆ చోటు తప్పిందంటే తెల్లారేసరికి పోయేది ఒకటి రెండు జీవాలు కాదు, ఒక్కోసారి ఓ కుటుంబం బతుకుదెరువే.

వాన పడితే కొండకు

దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో అనంతపురం ఒకటని చిన్న పిల్లాడైనా చెబుతాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతాయి. అలాంటి నేల మీద సేద్యాన్ని నమ్ముకున్నవాడికంటే జీవాలను నమ్ముకున్నవాడే కరువుకు కాస్త ఎదురు నిలబడతాడు. పైరు నడిచి వెళ్లలేదు. గొర్రె నడుస్తుంది. అందుకేనేమో, ఉమ్మడి అనంతపురం జిల్లా గొర్రెల సంఖ్యలో రాష్ట్రంలో ముందు వరసలో ఉంటూ వచ్చింది. 2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, రెండోది ఆంధ్రప్రదేశ్‌ది.

కానీ ఎటు నడవాలి? దానికో క్యాలెండరు ఉంది. కార్తె చూసి కురుబలు, గొల్లలు చెప్పే క్యాలెండరు. శనగకాయ కోత అయ్యాక, అంటే కార్తీకం దాటినప్పటి నుంచి చేలన్నీ ఖాళీ. మందను ఎవరి చేనులో తోలినా కాదనరు సరికదా, రమ్మని పిలుస్తారు. ఎండాకాలం ముదిరితే మేతా నీళ్లూ కరువు. అప్పుడు తుంగభద్ర కాలువ కిందకో, కర్నూలు, కడప జిల్లాల్లోని కాలువ పొలాలకో మంద కట్టాల్సిందే. ఇక తొలకరి పడి విత్తనం వేశారా, చేనులో గొర్రె కాలు పెట్టడానికి లేదు. ఆ నాలుగైదు నెలలూ మిగిలేది కొండే. ముచ్చుకోట, పెనుకొండ, మడకశిర కొండలు, ఇంకా ముందుకు పోతే కడప వైపు పాలకొండలు, కర్నూలు వైపు నల్లమల అంచులు.

ఇక్కడే ఉంది చిక్కంతా. కొండ మీద పడుకోవాల్సింది సరిగ్గా వానలు పడే నెలల్లోనే!

మట్టి చెప్పే మాట

బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి వారాంతాల్లో గుడారాలు వీపున వేసుకుని వచ్చే కుర్రకారు ఈమధ్య ఎక్కువయ్యారు. గండికోటలో పెన్నా లోయ అంచున సూర్యోదయం చూడాలని, పెనుకొండ కోట ఎక్కాలని వాళ్ల ఉబలాటం. పైసా ఖర్చు లేకుండా కొండల్లో రాత్రి గడపడానికి చోటు ఎక్కడ దొరుకుతుందన్నది వాళ్లకు ఓ సరదా ప్రశ్న. అదే ప్రశ్నకు గొర్రెల కాపరి తరతరాలుగా జవాబు వెతుకుతున్నాడు. ఆయన లెక్కలు ఎలా ఉంటాయో చూడండి.

మొదట నేల. నల్లరేగడిలో మంద పెట్టరు. వాన పడితే గిట్టల మధ్య బురద ఇరుక్కుంటుంది. రెండు రాత్రులు తడిలో నిలబడితే గిట్ట మెత్తబడి కుళ్లుతుంది. కుంటే గొర్రె నడవలేదు, నడవలేని గొర్రె మేయలేదు. అందుకే గుప్పెడు మట్టి తీసి నలిపేది. గరుకుగా, గులకరాళ్లు కలిసి, నీళ్లు నిలవకుండా జారిపోయే ఎర్ర గరుసు నేల దొరకాలి. అదీ బల్లపరుపుగా ఉండకూడదు. కొంచెం వాలు ఉండాలి.

రెండోది వంక. ఎండిన వంకలో ఇసుక మెత్తగా పరుపులా కనిపిస్తుంది. కొత్తవాడు అక్కడే పడుకుంటాడు. పాతకాపు పడుకోడు. ఎగువన ఎక్కడో కొండల మీద వాన పడితే ఇక్కడ చినుకు రాలకుండానే అర్ధరాత్రి వంక పొర్లుతుంది. నీళ్లకు వంక కావాలి, పడకకు వద్దు. మంద వంకకు దగ్గర్లోనే, కానీ గట్టు మీద ఉండాలి.

మూడోది పిడుగు. కొండ నెత్తిన పడుకోకూడదు. బయల్లో ఒంటరిగా నిలబడిన చెట్టు కింద అసలే కూడదు. వాన మొదలైతే మనిషి కాళ్లు సహజంగా చెట్టు వైపే పోతాయి. ఏటా సీమలో పిడుగుపాటుకు బలయ్యేవాళ్లలో కాపరులు ఉంటూనే ఉంటారు. పిడుగు హెచ్చరికలు ఇప్పుడు ఫోనుకే వస్తున్నాయి. కొండ మడతల్లో సిగ్నల్ అందితేగా! అందుకే కాపరి ఆకాశాన్నే నమ్ముకుంటాడు. ఉరుము దగ్గరయ్యేకొద్దీ పల్లంలోకి, పొదల మధ్యకు దిగిపోతాడు. కంబళిని కొప్పెరగా కప్పుకుని ముడుచుకు కూర్చుంటాడు.

నాలుగోది గాలి. గాలి వచ్చే దిక్కున గుట్టో, పెద్ద బండో అడ్డం ఉండాలి. తడిసిన గొర్రెకు చలిగాలి తగిలితే ఒగర్పు పట్టుకుంటుంది. అలాగని గాలి బొత్తిగా ఆడని గుంటలో పెడితే దోమలు. వానాకాలం చివర్లో సీమ గొర్రెలను పీడించే నీలినాలుక జబ్బు వచ్చేది ఆ దోమల్లాంటి సన్నటి పురుగుల వల్లే. పశువుల డాక్టర్లు ఈమాట ఇప్పుడు చెబుతున్నారు. కాపరులు మాత్రం ఎప్పటి నుంచో సందెవేళ వేపాకు పొగ పెడుతూనే ఉన్నారు.

ఐదోది పొరుగువాళ్లు! సీతాఫలాలు పండే కాలంలో ఆ పొదల దగ్గర మంద పెట్టరు. పండు కోసం ఎలుగుబంటి వస్తుంది. పుట్టల దగ్గరా అంతే. చెదల కోసం వస్తుంది. గుహలు, బండల చీలికలు ఉంటే చిరుత భయం. మైదానంలో అయితే తోడేళ్లు. రాళ్లు కదిలిస్తే తేళ్లు, రక్తపింజరలు. వల చుట్టూ కట్టి, నాలుగు మూలలా కుక్కలూ మనుషులూ సర్దుకుంటారు. నిద్ర అంటే కన్ను మూయడమే కానీ చెవి మూయడం కాదు. మంద నెమరు వేస్తున్న చప్పుడు వినిపిస్తున్నంతసేపూ అంతా క్షేమం. ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగిందా... చేతిలోకి బ్యాటరీ లైటు, కర్ర వచ్చేస్తాయి.

ఆరోది మరుసటి పొద్దు. ఎండాకాలంలో ఒక్కో గొర్రె రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగుతుంది. మూడొందల జీవాలకు ఎంతో లెక్క వేసుకోండి. దాదాపు వెయ్యి లీటర్లు! కాబట్టి లేచిన గంటలో నడిచి చేరేంత దూరంలో కుంటో, చెరువో, ఇసుకలో చెలమ తీసుకునే వీలో ఉండాలి. దారిలో మొలక జొన్న ఉండకూడదు. లేత జొన్నలోని నాము కడుపులోకి పోతే జీవం లేవదు.

ఇన్నీ కుదిరినా ఒకచోట మూడు నాలుగు రాత్రులకు మించి ఉండరు. పేడ పేరుకుంటే నట్టలు పెరుగుతాయి. మంద కదలాల్సిందే.

ఎదురిచ్చి పిలిచే అతిథి

కొండ దిగి చేల మధ్యకు వచ్చినప్పుడు మాత్రం కథ మారుతుంది. చోటు కోసం కాపరి బతిమాలడు. చోటున్న రైతే పిలుస్తాడు. గట్టు మీద ఆ మాటలు ఇలా సాగుతుంటాయి.

‘‘యాడ నుంచి వస్తాండారప్పా?’’

‘‘రాయదుర్గం తట్టు నుంచన్నా.’’

‘‘జీవాలు ఎన్నుండాయి?’’

‘‘రెండు మందలూ కలిపి మున్నూరన్నా.’’

‘‘మా చేన్లో మూడు రాత్రులు పెట్టుపో. బువ్వకు బియ్యం నేనిస్తా.’’

‘‘బియ్యంతో ఏమైతాదన్నా? రాత్రికింతని ఏమన్నా ఇయ్యి. పిల్లోల్లు బడికి పోతాండారు.’’

బేరం తెగుతుంది. రాత్రంతా మంద నిలబడిన మడిలో పేడ, మూత్రం రెండూ ఇంకుతాయి. బండ్లకు ఎత్తి తోలే పని లేదు, చల్లే కూలీ లేదు. మరుసటి రాత్రి వలను పక్క మడిలోకి జరుపుతారు. అలా చేనంతా ఎరువు. రసాయన ఎరువుల ధరలు పెరిగిన ప్రతిసారీ మంద కోసం ఎదురుచూసే రైతులూ పెరుగుతారు. లోకంలో బసకు డబ్బు కట్టే అతిథులను చూశాం. బస చేసినందుకు డబ్బు తీసుకునే అతిథి ఈయనొక్కడే కాబోలు!

1882లో గీసిన గీత

మరి కొండ మీద? అక్కడ ఎవరినడగాలి?

అనంతపురం జిల్లా బళ్లారి నుంచి విడిపోయి పుట్టింది 1882లో. మద్రాసు అటవీ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. అంతకు నాలుగేళ్ల ముందు ముగిసిన ధాత కరువు ఈ నేలను ఖాళీ చేసి వెళ్లింది. మనుషులు, పశువులు లెక్కలేనన్ని పోయాయి. బతికినవాళ్లు మళ్లీ మందలు కూడగట్టుకుంటున్న రోజుల్లోనే కొండల చుట్టూ సర్కారు సరిహద్దు రాళ్లు పాతడం మొదలుపెట్టింది. రాయికి అటువైపు రిజర్వు అడవి. ఇటువైపు ఊరు. గొర్రెకు ఆ రాయి తెలియదు. కాపరికి తెలియాలి.

ఇప్పుడున్నది 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం. దాని ప్రకారం అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి వెళ్లడం, పశువులను మేపడం, నిప్పు రాజేయడం నేరం. అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో 1972 నాటి వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఈ నిబంధన కాపరికి ఒక్కడికే కాదు, గుడారంతో వచ్చే సరదారాయుళ్లకూ వర్తిస్తుంది. ఊరికే దొరికిన చోటు కదా అని రిజర్వు అడవిలో మంట వేసుకుంటే కేసు తప్పదు. అటవీ శాఖ అనుమతి తీసుకోవడమో, టూరిజం వాళ్లు ఏర్పాటు చేసిన చోట దిగడమో, లేదా ఊళ్లో రైతును అడిగి ఆయన చేనులో ఓ మూల గుడారం వేసుకోవడమో... ఉన్న దారులు ఇవే. చివరిది కాపరులు నేర్పిన దారే!

అడవి వాళ్ల మాటలోనూ నిజం లేకపోలేదు. కరువు కొండల మీద చిగురు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ఒకే వాలులో పది మందలు దిగితే మొలక మిగలదు. వంట నిప్పు గాలికి లేస్తే ఎండుగడ్డి కొండ మొత్తం తగలబడుతుంది. పొయ్యి మీద మట్టి కప్పి, నీళ్లు చల్లి, చేత్తో తడిమి చూసి కానీ కదలకూడదని పెద్ద కాపరులు కుర్రాళ్లకు చెప్పేది అందుకే.

అయితే కాపరుల వైపు ఓ చట్టం ఉంది. చాలామందికి తెలియదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో ఇల్లు, పోడు సాగు గురించి మాత్రమే అనుకుంటారు. అందులోని మూడో సెక్షన్ పశువుల మేతను, సంచార కాపరులు ఏటా ఒక రుతువులో అడవిని వాడుకునే సంప్రదాయాన్ని కూడా సామూహిక హక్కుగా గుర్తించింది. మెలిక మరోచోట ఉంది. గిరిజనేతరులైతే 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవి మీద ఆధారపడినట్టు రుజువు చూపాలి. కురుబలు, గొల్లలు మన రాష్ట్రంలో బీసీలు. కాబట్టి ఈ నిబంధన వాళ్లకూ వర్తిస్తుంది. ఏటా కదిలిపోయే మందకు కాగితం ఏముంటుంది? తాత ఏ కనుమలో మంద ఆపాడో మనవడికి తెలుసు. ఆ తెలివికి రసీదు లేదు.

ఆ ఇబ్బందిని నిబంధనలు రాసినవాళ్లు కొంత ఊహించారు. సంచార కాపరుల అర్జీలను, వాళ్లు ఆ ప్రాంతంలో ఉన్న సమయంలోనే విచారించాలని 2007 నాటి నియమావళిలో రాశారు. ఊళ్లో పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యంగా పనికొస్తుంది. మొదటి అడుగు గ్రామసభలోనే పడాలి.

కంచెల మధ్య కనుమ

అడవి ఒక్కటే అయితే ఏదోలా నెగ్గుకొచ్చేవాళ్లు. ఊళ్ల చుట్టూ ఉన్న బంజర్లు, మేత పోరంబోకులే కాపరికి పాత మజిలీలు. అవి ఒక్కొక్కటీ తరిగిపోతున్నాయి. కొన్ని డీ-పట్టాలయ్యాయి. బోరు పడ్డచోట చీనీ, దానిమ్మ తోటలొచ్చాయి. తోటకు కంచె వచ్చింది. నంబులపూలకుంట దగ్గర వేల ఎకరాల్లో సోలార్ పార్కు వెలిసింది. కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. కరెంటు కావాలి, తోటలూ కావాలి. ఎవరూ కాదనరు. కానీ కంచె వేసేటప్పుడు మంద పోయే దారి వదలాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నిన్నటిదాకా అరగంటలో దాటిన చోటును ఇప్పుడు చుట్టుకు పోవాలి. చుట్టుకునే లోపు చీకటి పడుతుంది. చీకటి పడితే తారురోడ్డు పక్కనే రొప్పం. అక్కడ చిరుత రాదు కానీ లారీ వస్తుంది.

ఇంకా పెద్ద కంచె ఇంట్లోనే ఉంది. డిగ్రీ చదివిన కొడుకు బెంగళూరులో సెక్యూరిటీ ఉద్యోగానికైనా పోతానంటాడు కానీ మంద వెంట రానంటాడు. వానలో కంబళి కప్పుకుని కూర్చునే బతుకు వాడికి వద్దు. తండ్రి కూడా గట్టిగా చెప్పలేడు. చోటు వెతికే ఆ విద్య పుస్తకాల్లో లేదు. పిల్లలకోడి చుక్కలు ఎక్కడికొచ్చాయో చూసి వేళ చెప్పడం, వేగుచుక్క పొడవగానే వల విప్పడం వెంట నడిస్తేనే వచ్చేది. ఒక తరం నడవకపోతే ఆ విద్య అక్కడితో సరి.

లోకం ఏం చేసింది?

ఊరికే ఓ రాత్రి నేల మీద పడుకునే హక్కును కొన్ని దేశాలు గౌరవంగా చూసుకుంటున్నాయి. స్వీడన్‌లో ఇళ్లకు దూరంగా, పైరు పాడు చేయకుండా ఉంటే ఎవరి భూమిలోనైనా ఓ రాత్రి గుడారం వేసుకోవచ్చు. నార్వే 1957లోనే దానికి చట్టం చేసింది. అమెరికా జాతీయ అడవుల్లో చాలాచోట్ల రెండు వారాల దాకా రుసుము లేకుండా దిగొచ్చు. అవన్నీ విహారానికి వచ్చేవాళ్ల కోసం.

కాపరుల కోసం ఆలోచించింది స్పెయిన్. మందలు నడిచే పాత బాటలను 1995లో చట్టం చేసి ప్రభుత్వ ఆస్తిగా కాపాడుకుంది. వాటి పొడవు లక్ష కిలోమీటర్లకు పైనే. ఏటా ఓ రోజు రాజధాని మాడ్రిడ్ నడివీధుల్లోంచి గొర్రెలను తోలుకెళ్తారు. బాట మాదేనని నగరానికి గుర్తు చేయడానికి! ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చికబయళ్ల, పశువుల కాపరుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది.

మన దగ్గర కోట్లు ఖర్చు పెట్టి బాటలు వేయక్కర్లేదు. మిగిలిన మేత పోరంబోకులను కొలిచి రాళ్లు పాతితే చాలు. కంచె వేసేటప్పుడు మంద పట్టేంత సందు వదిలితే చాలు. దారి పొడవునా పది పదిహేను కిలోమీటర్లకో నీటి తొట్టి కట్టి, అక్కడే టీకాలు, నట్టల మందు అందిస్తే అంతకంటే కావాల్సింది లేదు. ఏ నెలలో ఏ కొండ వాలు తెరవొచ్చో, ఏది మూసి ఉంచాలో అటవీ అధికారులు కాపరులను కూర్చోబెట్టుకుని తేల్చుకుంటే అడవీ బతుకుతుంది, మందా బతుకుతుంది.

పొద్దు గుంకింది. పెద్దాయనకు చివరికి చోటు దొరికింది. గరుసు నేల, పడమట బండ, గట్టు కింద వంకలో తడి. మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించారు. సంగటిలోకి ఊరిబిండి నూరుకున్నారు. గంపలోని పిల్లలను తల్లుల దగ్గరికి వదిలారు. మంద ఒక్కొక్కటిగా మోకాళ్లు వంచి పడుకుంది. నెమరు చప్పుడు మొదలైంది.

ఈ రాత్రికి దిగుల్లేదు. రేపు సాయంత్రం నాలుగింటికి మళ్లీ అదే ప్రశ్న.